వెల్లూరు గదిలో మూతలేని సీసా

మన సంఘాలలో వెల్లూరు పేరు వినని కుటుంబం అరుదు. గుండె ఆపరేషనుకని ఒకరు, మూత్రపిండాల జబ్బుకని మరొకరు, ఎక్కడా అంతు తేలని జ్వరానికని ఇంకొకరు బయలుదేరుతూనే ఉంటారు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు "వెల్లూరు వెళ్తున్నారు" అన్న మాట వినిపించగానే సంఘమంతా ఒక్క క్షణం నిశ్శబ్దమవుతుంది. పాస్టరు గారు ప్రార్థన చేసి పంపుతారు. ఇంటివారు పాత రిపోర్టులు, ఎక్స్‌రేలు, బైబిలు, డబ్బు, ఆవకాయ సీసా, బియ్యం మూట జాగ్రత్తగా సర్దుకుంటారు. సబ్బు, షాంపూ, దువ్వెన, తువ్వాలు మాత్రం "అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే" అని వదిలేస్తారు. ఆ వదిలేసిన చిన్న వస్తువుల గురించే ఈ నాలుగు మాటలు.

రైలులో వెళ్ళేవారు కాట్పాడి జంక్షనులో దిగాలి. అక్కడి నుండి ఆసుపత్రికి సుమారు 7 కిలోమీటర్లు. దారిలో పాలారు నది మీద వంతెన వస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో నీటికన్నా ఇసుకే కనబడుతుంది. ఊరి నడుమ విజయనగర రాజుల కాలంనాటి రాతికోట, దాని చుట్టూ నీళ్ళు నిండిన కందకం ఉన్నాయి. ఆ కోట గోడల లోపలే ఒక గుడి, ఒక మసీదు, ఒక చర్చి ఉన్నాయి. 1806 జులైలో సిపాయిలు తెల్లదొరల మీద తిరగబడింది ఈ కోటలోనే. అయితే మన ఊళ్ళ నుండి వెళ్ళేవారిలో కోట చూద్దామని వెళ్ళేవారు తక్కువ. ఫైలు చంకన పెట్టుకుని తిన్నగా సి.ఎం.సి. గేటు దగ్గరికే నడుస్తారు.

ఆ ఆసుపత్రి పుట్టుక మన పాఠకులలో చాలామందికి తెలిసినదే. 1870లో రాణిపేటలో మిషనరీ కుటుంబంలో పుట్టిన ఐడా స్కడర్ యౌవనంలో ఉండగా, ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పు కష్టంలో చనిపోయారు. మగ డాక్టరు తమ ఇంటి ఆడవాళ్ళను తాకకూడదని ఆ ఇళ్ళవారు పట్టుబట్టడమే అందుకు కారణం. ఆ మూడు మరణాలు ఆమె మనసు మార్చాయి. అమెరికా వెళ్ళి వైద్యం చదివి తిరిగి వచ్చి, 1900లో ఒక్క మంచంతో పరిచర్య ప్రారంభించారు. 1918లో స్త్రీల కోసం వైద్య పాఠశాల తెరిచారు. ఇప్పుడు అక్కడ తెలుగు, తమిళం, బెంగాలీ, హిందీ, మలయాళం అన్నీ ఒకే వరుసలో నిలబడి వినిపిస్తాయి.

ఆసుపత్రి చుట్టూ గాంధీ రోడ్డు, బాబూరావు వీధి, వాటిలోంచి చీలిన సందులు లాడ్జీలతో నిండి ఉంటాయి. బోర్డులు నాలుగైదు భాషల్లో ఉంటాయి. కొన్ని లాడ్జీలలో వంట చేసుకునే వీలుంది. పొయ్యి, గిన్నెలు అద్దెకు ఇస్తారు. నాలుగు రోజులకని వచ్చినవారు నాలుగు వారాలు ఉండిపోతారు. ఒకరు ఖాళీ చేసిన గదిలోకి ఇంకొకరు అదే పూట దిగుతారు. వెళ్ళినవారు ఏ జబ్బుతో వచ్చారో, దిగినవారు ఏ గాయంతో ఉన్నారో ఎవరికీ తెలియదు. మామూలు యాత్రాస్థలంలోని లాడ్జీకీ ఆసుపత్రి పక్క లాడ్జీకీ ఇదే తేడా. ఇక్కడి గదులలో ఆరోగ్యవంతులకన్నా బలహీనులే ఎక్కువ.

ఇక స్నానాల గది సంగతి. బకెట్టు, మగ్గు ఉంటాయి. కిటికీ గట్టు మీద ఎవరో వదిలి వెళ్ళిన అరిగిన సబ్బు ముక్క, గోడ మేకుకు ఒక తువ్వాలు, మూలన సగం నిండిన షాంపూ సీసా ఉంటాయి. మేము బస చేసిన చోట గదులన్నిటికీ కలిపి వరండా చివర ఒకే స్నానాల గది. అందులో పైన నొక్కితే ద్రవం వచ్చే ఒక పెద్ద సీసా పెట్టారు. ఒక ఉదయం అక్కడి కుర్రవాడు ఒక డబ్బా తెచ్చి, ఆ సీసా మూత విప్పి, అడుగున మిగిలిన దాని మీదనే కొత్తది పోసి, చిక్కగా ఉందని రెండు మగ్గుల నీళ్ళు కలిపి, మూత సరిగా బిగించకుండానే వెళ్ళిపోయాడు. అతని తప్పేమీ లేదు. అలా చేయకూడదని అతనికి చెప్పినవారు ఎవరూ లేరు.

ఇది చిన్న లాడ్జీలకే పరిమితమైన సంగతి అనుకోవద్దు. ఒకప్పుడు పెద్ద హోటళ్ళలో ప్రతి అతిథికీ చిన్న చిన్న సీసాలు ఇచ్చేవారు. వాటివల్ల ప్లాస్టిక్ చెత్త గుట్టలుగా పేరుకుపోతున్నదని, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో చట్టం చేసింది. 50 గదులు మించిన హోటళ్ళకు 2023 నుండి, మిగిలిన వాటికి 2024 నుండి ఆ చట్టం వర్తించింది. ప్రపంచమంతటా పెద్ద హోటల్ సంస్థలు కూడా గోడకు బిగించే పెద్ద సీసాలకు మారాయి. దేవుని సృష్టిని చెత్తతో నింపకూడదన్న ఆలోచన మంచిదే. అయితే ఒక అతిథి సీసా ఇంకొకరి సీసా అయినప్పుడు, దానిని నింపేవారి చేతి మీద బాధ్యత పెరుగుతుంది.

"సబ్బు ఉన్నచోట క్రిములు ఎలా ఉంటాయి?" అని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కంపెనీవారు ద్రవ సబ్బులోనూ షాంపూలోనూ చెడిపోకుండా ఉండే మందులు కొలత ప్రకారం కలుపుతారు. మనం నీళ్ళు పోయగానే ఆ కొలత పలచబడుతుంది. ఆ నీళ్ళతో పాటు బాక్టీరియా లోపలికి వెళ్తుంది. సీసా పూర్తిగా ఖాళీ చేసి కడగకుండా పాతదాని మీదనే కొత్తది పోస్తూ పోతే, అవి సీసా లోపలి గోడలకు జిగురు పొరలా అంటుకుని స్థిరపడతాయి. ఆ తర్వాత ఎంత మంచి షాంపూ పోసినా ఆ పొర దానిని చెడగొడుతూనే ఉంటుంది. రోజూ నీళ్ళు నింపే కుండను తోమకపోతే లోపల పాకుడు పట్టడం మన ఇళ్ళలో చూసినదే. అదే ఇక్కడా జరుగుతుంది.

2011లో అమెరికాలో ఒక ప్రాథమిక పాఠశాలలో పరిశోధకులు దీనిని పరీక్షించారు. అక్కడ పైనుండి పోసి నింపే సబ్బు పెట్టెలు 14 ఉన్నాయి. పద్నాలుగూ కలుషితమై ఉన్నాయి. ఆ సబ్బుతో చేతులు కడుక్కున్నాక, గ్రామ్-నెగటివ్ అనే జాతి బాక్టీరియా చేతుల మీద తగ్గవలసింది పోయి 26 రెట్లు పెరిగింది. తర్వాత వాటిని తీసివేసి, లోపలి సంచి సహా మార్చే మూసిన పెట్టెలు బిగించారు. ఏడాది తర్వాత చూస్తే వాటిలో కాలుష్యం లేదు. అమెరికా ప్రభుత్వపు వ్యాధి నియంత్రణ కేంద్రం 2002లోనే ఆసుపత్రులకు ఈ సలహా ఇచ్చింది: సగం ఖాళీ అయిన సబ్బు పెట్టెలో పైనుండి కొత్త సబ్బు కలపవద్దు.

ఇటువంటి సీసాలలో కనబడే వాటిలో సూడోమోనాస్, సెరాషియా, క్లెబ్సియెల్లా అనే బాక్టీరియాలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషి చర్మానికి తగిలినా అవి ఎక్కువగా ఏమీ చేయలేవు. ఆపరేషను కుట్లు మానని వ్యక్తి, క్యాన్సరు మందులు ఎక్కించుకుంటున్న రోగి, మూత్రపు గొట్టం ఉన్నవారు, నెలలు నిండక పుట్టిన పసికందు, కంటి శుక్లం ఆపరేషను జరిగిన పెద్దాయన – వీరి విషయం వేరు. బలవంతునికి ఏమీ చేయని క్రిమి బలహీనునికి ప్రాణం మీదికి తెస్తుంది. పైగా ఆ బలహీనునికి స్నానం చేయించేది బలవంతుని చేయే. అందుకే "నాకేం కాలేదు" అన్న మాట వెల్లూరు లాడ్జీలో సరిపోదు.

మా పక్క గదిలో ప్రకాశం జిల్లా నుండి వచ్చిన ఒక పెద్దమ్మ, కోడలు, కొడుకు ఉండేవారు. కొడుక్కి మూత్రపిండం మార్పిడి జరిగింది. శరీరం కొత్త మూత్రపిండాన్ని తిప్పికొట్టకుండా అతను వాడే మందులు, క్రిములతో పోరాడే శక్తిని కూడా తగ్గిస్తాయి. వరండాలోని సీసా నుండి ఆమె ఒక గిన్నెలోకి షాంపూ పట్టుకుంటుంటే చూసి, "పెద్దమ్మా, అబ్బాయికి ఆ సీసాలోది వాడవద్దు. వీధి చివర కొట్లో ప్యాకెట్లు దొరుకుతాయి, తెచ్చి ఇమ్మంటారా?" అని అడిగాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "అందరూ వాడుతున్నారు గదా బాబూ. మాకు మాత్రం వేరే అంటే ఏమనుకుంటారు? నా చిన్నతనంలో మా ఊరి టీ కొట్లో మాకు గ్లాసులు చూరులో వేరే పెట్టేవాళ్ళు. తాగి మేమే కడిగి మళ్ళీ అక్కడే పెట్టాలి. ఏసయ్యను నమ్ముకున్నాక అందరితో ఒకే బంతిలో కూర్చుని ప్రేమవిందు తిన్న రోజున మా అమ్మ ఏడ్చింది. ఇప్పుడు మళ్ళీ నాది నాకు, నీది నీకు అంటే మనసు ఒప్పుకోదు" అన్నది.

ఆ మాటకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మన సంఘాలలో ఎందరో ఆ చూరులోని గ్లాసును ఎరిగినవారే. మన దేశంలో "శుద్ధి" అన్న మాట మనిషిని మనిషి నుండి విడదీయడానికి ఎంతో కాలం వాడబడింది. కాబట్టి పరిశుభ్రత గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండింటికీ తేడా తేటగా చెప్పవలసిన బాధ్యత మన మీద ఉన్నది. వేరు గ్లాసు పెట్టినవాడు ఎదుటివాని జబ్బును చూడలేదు, పుట్టుకను చూశాడు. ఆ గ్లాసు ఎంత తోమినా అతని దృష్టిలో శుభ్రం కాదు. అది బలవంతుని గర్వాన్ని కాపాడి బలహీనుని మనసు కోసింది. పరిశుభ్రత ఎవరి పుట్టుకనూ అడగదు. నా చేతి మీద కూడా క్రిమి ఉండవచ్చునని ఒప్పుకుని, నా పక్కనున్న బలహీనుని కోసం నేనే కొంచెం శ్రమ పడడమే పరిశుభ్రత. రోమా పత్రిక 15వ అధ్యాయం మొదట్లో పౌలు బలవంతుల మీద పెట్టిన బాధ్యత ఇదే గదా!

ఇదంతా నాకు తెలిసిన మాటల్లో చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, "అయితే వేరు పెట్టమనేది సీసాను, మనిషిని కాదన్నమాట" అన్నది. ఆ సాయంత్రం కోడలు కొట్టుకు వెళ్ళి ప్యాకెట్ల దండ ఒకటి, కొత్త సబ్బు ఒకటి తెచ్చింది.

ప్రయాణంలో అందరూ కలిసి వాడే వస్తువుల వల్ల వచ్చే చిక్కు కొత్తది కాదు. నూరేళ్ళ క్రితం అమెరికా రైళ్ళలో నీళ్ళ తొట్టి దగ్గర గొలుసుకు కట్టిన ఒకే కప్పు ఉండేది. ఎక్కినవారందరూ దానితోనే తాగేవారు. క్షయ రోగులు తాగిన కప్పుతోనే పిల్లలు కూడా తాగేవారు. కాన్సస్ రాష్ట్ర ఆరోగ్య అధికారి డాక్టర్ శామ్యూల్ క్రంబైన్ దీనిని గట్టిగా వ్యతిరేకించారు. 1909లో ఆ రాష్ట్రం రైళ్ళలోనూ బడులలోనూ అటువంటి ఉమ్మడి కప్పును నిషేధించింది. అందరూ ముఖం తుడుచుకునే ఉమ్మడి తువ్వాలు మీద కూడా ఆయన పోరాడారు. అలా తీసివేసింది కప్పును, తువ్వాలును. ఎవరినీ రైలు నుండి దింపలేదు.

అలాగని ప్రతి వస్తువునూ చూసి భయపడనక్కరలేదు. ఏది ఎంత ప్రమాదమో తెలిస్తే చాలు.

బిళ్ళ సబ్బు మనం అనుకున్నంత చెడ్డది కాదు. బాక్టీరియా పూసిన సబ్బు బిళ్ళలతో కొందరిచేత చేతులు కడిగించి 1988లో పరీక్షించగా, అవి చేతులకు అంటలేదు. నురుగుతో పాటు నీళ్ళలో కొట్టుకుపోయాయి. అయినా ఒకరి పుండును రుద్దిన సబ్బును ఇంకొకరు నేరుగా ఒంటికి రుద్దుకోవడం మంచిది కాదు. సబ్బు నీళ్ళలో నానకుండా, నీరు జారిపోయే పెట్టెలో ఆరనివ్వాలి.

తువ్వాలు విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. తామర, గజ్జి, కళ్ళకలక తడి తువ్వాలు ద్వారా ఒకరి నుండి ఒకరికి పాకుతాయి. దువ్వెనతో పేలు వస్తాయి. ఒకరి కంటి చుక్కల మందు సీసా మొన ఇంకొకరి కంటికి తగలకూడదు.

అన్నిటికన్నా ప్రమాదమైనది గడ్డం గీసుకునే బ్లేడు. దాని తర్వాత పళ్ళ బ్రష్షు. కంటికి కనబడనంత రక్తపు మరక ఉన్నా చాలు, హెపటైటిస్-బి, హెపటైటిస్-సి వంటి కాలేయ వ్యాధులు అంటుకోవచ్చు. హెపటైటిస్-బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బ్రతికి ఉండగలదు. తండ్రీ కొడుకులైనా, అన్నదమ్ములైనా ఎవరి బ్లేడు వారిదే. లాడ్జీ గూటిలో దొరికిన రేజరును ఎంత కొత్తగా కనబడినా ముట్టవద్దు. వాడిన బ్లేడును కాగితంలో చుట్టి పారవేయండి. మర్నాడు ఊడ్చే ఆమె చేతికి అది గుచ్చుకోకూడదు.

ఇంకొక అపాయం క్రిములది కాదు. స్నానాల గది కడిగే యాసిడ్‌ను, ఫినాయిల్‌ను పాత నీళ్ళ సీసాలలో, పాత షాంపూ సీసాలలో పోసి పెట్టే అలవాటు మన ఇళ్ళలోనూ ఉన్నది, లాడ్జీలలోనూ ఉన్నది. రాత్రివేళ కరెంటు లేనప్పుడు దాహంతో లేచిన పిల్లవానికి సీసా ఆకారమే తెలుస్తుంది, లోపలిది తెలియదు. గదిలో దిగగానే పేరు లేని సీసాలన్నీ తీసి మేనేజరు చేతికి ఇచ్చివేయండి. మీ ఇంట్లో యాసిడ్‌ను కంపెనీ సీసాలోనే, పిల్లలకు అందని ఎత్తున ఉంచండి. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎన్నడూ కలపవద్దు. వాటి నుండి క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది.

పరిష్కారానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక గుడ్డసంచి కుట్టుకోండి. అందులో ఒక సబ్బు పెట్టె, మనిషికొక తువ్వాలు, మనిషికొక దువ్వెన, బ్రష్షులు, కొత్త బ్లేడ్లు, నాలుగు షాంపూ ప్యాకెట్లు ఉంటే చాలు. ఆ ప్యాకెట్టు కూడా తమిళనాడులోనే, కడలూరు ప్రాంతంలో పేరు తెచ్చుకున్నది. పెద్ద సీసా కొనలేని కూలివారు కూడా వాడుకోవాలని చిన్నికృష్ణన్ అనే ఆయన షాంపూను ప్యాకెట్లలో నింపి అమ్మారు. తర్వాత ఆయన కుమారులు ఆ వ్యాపారాన్ని ఊరూరికీ చేర్చారు. ప్రయాణీకునికి అందులో ఇంకొక మేలు ఉన్నది. కంపెనీలో అతికిన మూత మన చేతితోనే చిరుగుతుంది. మధ్యలో ఎవరూ నీళ్ళు కలపలేరు. అయితే ఖాళీ ప్యాకెట్టును కాలువలో కాక చెత్తబుట్టలో వేయండి.

తప్పనిసరిగా ఉమ్మడి సీసా వాడవలసి వస్తే, మూత బిగుతుగా ఉందా, వాసన మారిందా, నీళ్ళలా పలచబడిందా అని చూడండి. అనుమానం ఉంటే వదిలేయండి. పుండుకు, కుట్లకు, కంటికి, పసిబిడ్డకు దానిని అసలే తగలనివ్వవద్దు. గాయాన్ని ఎలా శుభ్రం చేయాలో ఆసుపత్రి నర్సమ్మ గారు చెప్పినట్లే చేయండి.

చివరగా మన సంఘాలకు ఒక మనవి. మనకు కన్వెన్షన్లు ఉన్నాయి, స్త్రీల కూటములు ఉన్నాయి, యవ్వనస్థుల రిట్రీట్లు, హాస్టళ్ళు, అతిథుల గదులు ఉన్నాయి. మూడు రోజుల కూటానికి వందల మంది వచ్చి ఒకే కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటారు. అక్కడ సబ్బు సీసాను నింపే పరిచర్య ఎవరిది? చాలా చోట్ల ఎవరిదీ కాదు. ఒకరిని నియమించండి. సీసా ఖాళీ అయ్యాకనే తీసి, వేడినీళ్ళతో కడిగి, బోర్లించి పూర్తిగా ఆరబెట్టి, అప్పుడే నింపాలని వారికి చెప్పండి. నీళ్ళు కలపవద్దని చెప్పండి. లోపల ఏముందో సీసా మీద తెలుగులో రాసి అంటించండి. సీసాలతో ఇంత శ్రమ ఎందుకనుకుంటే నీరు జారిపోయే గిన్నెలలో బిళ్ళ సబ్బులు పెట్టండి. తుడుచుకోవడానికి అందరికీ ఒకే తువ్వాలు వేలాడదీయవద్దు. కూటానికి పంపే ఆహ్వాన పత్రికలో దుప్పటి, బైబిలు, పళ్ళెం తెచ్చుకోండని రాస్తాము గదా, ఆ వరుసలోనే సబ్బు, తువ్వాలు అని కూడా చేర్చండి.

సంఖ్యాకాండము 19వ అధ్యాయం 15వ వచనంలో, మరణం సంభవించిన గుడారంలో మూత గట్టిగా లేని పాత్ర గురించి ఒక కట్టడ ఉన్నది. అటువంటి పాత్ర అపవిత్రమైనదని ఇశ్రాయేలీయులు ఎంచవలసి ఉండేది. మోషే ధర్మశాస్త్రం వైద్య గ్రంథం కాదు. ఆ కట్టడ ఆరాధనకు సంబంధించినది. అయినా అరణ్యంలో గుడారాలలో ప్రయాణం చేసే ప్రజలకు ఒక మూత సంగతి కూడా దేవుడు గుర్తు చేశాడంటే, మన ప్రయాణాలలోని చిన్న విషయాలు ఆయనకు చిన్నవి కావని తెలుస్తున్నది.

రోగిని వెంటబెట్టుకుని ఈ నెలలో ప్రయాణమయ్యే ప్రతి కుటుంబాన్నీ ప్రభువు కాపాడును గాక. వారి సంచిలో ప్రార్థనతో పాటు ఒక సబ్బు పెట్టె కూడా ఉండును గాక.